సబ్బుతో కడిగిన చెరుకు

నా చిన్నప్పుడు మూత తియ్యని గిన్నె ఒకటి మా ఇంటికి తిరిగి వచ్చింది. అప్పటికి మేము న్యూజిలాండ్ వచ్చి నాలుగు నెలలు. ఆక్లండ్‌లో న్యూ లిన్ రైలు స్టేషనుకు దగ్గరలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఆ గిన్నె స్టీలుది, మూతకు ఒక పక్క చిన్న సొట్ట. కారు వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని నేనే దాన్ని ఇంటికి తెచ్చాను. వెళ్ళేటప్పుడు ఎంత బరువుందో వచ్చేటప్పుడూ అంతే ఉంది. ఆ బరువు ఇప్పటికీ నా తొడల మీద తెలుస్తుంది.

"ఎప్పటి మాటో అది, ఇంకా పట్టుకుని కూర్చున్నావేటి" అని అమ్మ అంటుంది. కూర్చున్నాను. ఈ మధ్య మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఒక పెద్దావిడ మైకు పట్టుకుని, కొత్తగా వచ్చిన కుటుంబాలన్నిటినీ మొదటి నుంచీ సొంత మనుషుల్లాగే చూసుకున్నామని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ పెద్దావిడను మేమంతా బోటనీ ఆంటీ అనేవాళ్ళం. మాలాంటివాళ్ళు ఫ్లాట్లలో సర్దుకుంటున్న రోజుల్లోనే వాళ్ళకు బోటనీ డౌన్స్ అనే పేటలో సొంత ఇల్లుండేది. ఫెలోషిప్ భోజనాలకు ఎవరు ఏం తేవాలో లిస్టు రాసేది ఆవిడే. బిర్యానీ ఎవరు, కోడికూర ఎవరు, పెరుగుపచ్చడి ఎవరు అన్నది ఆవిడ నోటుపుస్తకంలో ఉండేది. ఆ పుస్తకంలో పేరు ఎక్కడుందో చూస్తే ఈ దేశంలో ఆ మనిషి ఎంతవరకు సెటిల్ అయ్యాడో తెలిసిపోయేది.

మాది అనకాపల్లి. అక్కడ అమ్మ నర్సు. ఇక్కడ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. అనకాపల్లిలో మా చర్చి విందుకు రొయ్యల ఇగురు అమ్మే వండాలి. ఇంకెవరు వండినా పెద్దవాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకుని "ఇది ఆ అమ్మాయి చెయ్యి కాదు" అనేవారు. అందుకే ఇక్కడి మొదటి భోజనానికి అమ్మ పొద్దున్నే లేచి అదే వండింది. బోటనీ ఆంటీ ఎదురొచ్చి, "అయ్యో, ఎందుకమ్మా ఈ శ్రమ" అంటూ గిన్నె అందుకుని, భోజనాలకు అద్దెకు తీసుకున్న హాలు వంటగదిలో టిష్యూ పెట్టెల వెనక పెట్టారు. భోజనాలు మొదలయ్యాయి, అయిపోయాయి. టేబుల్ మీద అన్ని గిన్నెలకూ గరిటెలు పడ్డాయి. మా గిన్నె పెట్టెల వెనకే ఉండిపోయింది. నేను రెండుసార్లు వెళ్ళి చూసివచ్చాను. మూడోసారి లేవబోతే అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

వచ్చేటప్పుడు ఆంటీ ఆ గిన్నె మా చేతికిచ్చారు. "ఐటమ్స్ చాలా అయిపోయాయమ్మా, టేబుల్ మీద చోటే లేదు. పైగా రొయ్యల స్మెల్ హాల్లో ఉండిపోతే వాళ్ళు మళ్ళీ బుకింగ్ ఇవ్వరు. ఈసారి నువ్వు పేపర్ ప్లేట్లు తెచ్చెయ్, చాలు. నీకసలే షిఫ్టులు కదా, ఎందుకు స్ట్రెస్."

ఆ రోజు టేబుల్ మీద చేపల వేపుడు ఉంది. చేపలకు వాసన ఉండదు కాబోలు.

ఆ ఇగురు మేము మూడు రోజులు తిన్నాం. తర్వాత అమ్మ ఇంట్లోకి రొయ్యలు తేలేదు. నాన్న ఒకటి రెండుసార్లు అడిగాడు. "ఇక్కడ రొయ్యలు బాగోవు" అని అమ్మ మాట తప్పించింది. ఈస్టర్ వచ్చింది, పేపర్ ప్లేట్లు. కోతపండుగ వచ్చింది, పేపర్ ప్లేట్లూ జ్యూస్ కప్పులూ. క్రిస్మస్‌కి పేపర్ ప్లేట్లు. అమ్మ నవ్వుతూ పట్టుకెళ్ళేది. నేను మాత్రం ఒక్కొక్కటీ మనసులో రాసుకుంటూ వచ్చాను. బోటనీ ఆంటీకి నోటుపుస్తకం ఉంటే నాకూ ఒకటి ఉంది.

రెండో ఏడాది మా పక్క ఫ్లాట్‌లోకి ఒక వియత్నాం బామ్మ వచ్చింది. వాళ్ళమ్మాయి బేకరీలో పనిచేసేది, తెల్లవారకముందే వెళ్ళిపోయేది. పగలంతా బామ్మ ఒక్కతే. పొట్టి మనిషి, తలకు ఎప్పుడూ పూల గుడ్డ. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆవిడ మాటలను నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.

బామ్మ ఏం కాల్చినా బొగ్గుల కుంపటి మీదే కాల్చేది. మొదట్లో పెరట్లో పెట్టుకునేది. వెనక వీధి ఆయన ఒక రోజు కంచె మీదుగా తొంగిచూసి, పొగ వస్తోంది, ఇలాంటివి ఇక్కడ కుదరవని అన్నాడు. బామ్మ సరేనని తలూపి మర్నాడు కుంపటిని తెచ్చి ఇంటి ముందు, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడేలా పెట్టింది. ముందువైపు గాలికి పొగ పైకి పోయేది, ఎవరి కిటికీలోకీ వెళ్ళేది కాదు. పోస్టు వేసే ఆయన ఆగి చూసేవాడు, స్కూలు పిల్లలు చెయ్యి ఊపేవారు. ముందుకెందుకు మార్చావని నేను అడిగాను. "వెనక వండితే దాక్కున్నట్టుంటుంది. ముందు వండితే వంట చేస్తున్నట్టుంటుంది" అంది.

డిసెంబరులో స్కూలు సెలవులిచ్చిన వారంలో బామ్మ కంచె మీదుగా ఒక పళ్ళెం అందించింది. అందులో పుల్లలకు చుట్టి కాల్చిన ముద్దలు ఎనిమిది. పైన బంగారు రంగు, అక్కడక్కడా నల్లటి మాడు, పొగ వాసన. వాటి పేరు 'చాఓ తోమ్' అని చెప్పింది. నాన్న చూడగానే "కబాబ్" అన్నాడు. అమ్మ ఒకటి కొరికి ఆగింది. "రొయ్యే ఇది" అంది. దాదాపు రెండేళ్ళ తర్వాత మా ఇంట్లో ఆ మాట వినబడడం అదే. అంటూనే రెండు తింది. అన్నంలో పప్పుచారు పోసుకుని వాటిని నంజుకున్నాం. బాగానే ఉన్నాయి.

తినడం అయ్యాక పళ్ళెంలో ఎనిమిది పుల్లలు మిగిలాయి. వేలెడు లావున, పొగచూరి, పీచు పీచుగా ఉన్నాయి. "ఇంత మంచి పుల్లలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో పాపం, మళ్ళీ పనికొస్తాయి" అని అమ్మ వాటిని గిన్నెలు తోమే సబ్బు వేసి, పీచుతో రుద్ది, కిటికీ గట్టు మీద ఎండబెట్టింది. ఎండాక రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టింది. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదు కదా, అందులో గారెలు పెట్టి, పక్కన ఈ కట్ట పెట్టి నాచేత పంపింది.

బామ్మ గారెలు చూసి సంతోషపడింది. కట్ట చూసి బుర్ర గోక్కుంది. ఒక పుల్ల లాగి వాసన చూసింది. నిమ్మకాయ సబ్బు వాసన. నా ముఖం చూసింది, మళ్ళీ పుల్ల చూసింది. మెట్టు మీద చతికిలబడి, ఒళ్ళో గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. నన్ను చూసి ఎవరు నవ్వినా నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. వెనక్కి తిరిగి వచ్చేస్తుంటే బామ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వంటగది మూల నిలబెట్టి ఉంది, నా అంత పొడుగున, ఊదారంగు తొక్కతో, గణుపు గణుపుగా. ఆదివారం పొద్దుటి సంతలో కొన్నదట.

చెరుకు.

నేను పుట్టిన ఊళ్ళో సీజను వస్తే గాలి కూడా బెల్లం వాసన వేస్తుంది. మా తాతయ్య తోటలో చెరుకు గడను మోకాలికి కొట్టి విరిచి ఇచ్చేవాడు. అలాంటివాళ్ళం, తొక్క తీసి కాల్చిన చెరుకు ముక్కను గుర్తుపట్టలేక పుల్ల అనుకున్నాం. పరుగెత్తుకెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత గోడకు ఆనుకుని నిలబడింది. "చెరుకుని సబ్బెట్టి తోమేనేటే" అంది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అనకాపల్లిలో ఎవరికీ చెప్పకు. మా అన్నయ్యలకు తెలిస్తే ఊళ్ళోకి రానివ్వరు." ఈ దేశం వచ్చాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు.

మర్నాడు బామ్మ మమ్మల్నిద్దరినీ పిలిచి తినడం నేర్పింది. బియ్యప్పిండి రేకు ఒకటి తీసుకోవాలి. మన పూతరేకుకంటే కాస్త మందం. దాన్ని నీళ్ళలో ఒకసారి తడిపితే మెత్తబడుతుంది. మీద లెట్యూస్ ఆకు, పుదీనా, కొత్తిమీర, కీరదోస ముక్క, ఉడికించిన సన్న సేమ్యా వేసుకోవాలి. చెరుకు మీది రొయ్య ముద్దను చేత్తో ఊడదీసి అందులో పెట్టి, గట్టిగా చుట్టి, ఫిష్ సాస్, నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ కలిపిన నీళ్ళలో ముంచి కొరకాలి. మెత్తగా, కరకరగా, పుల్లగా, కారంగా నోరంతా నిండిపోతుంది. అది అయ్యాక చెరుకు. నిప్పు మీద కాలి వేడెక్కిన చెరుకులోకి రొయ్య రసమూ పొగా దిగుతాయి. పక్క పళ్ళతో కొరికి, నమిలి, తియ్యటి నీరంతా మింగి పిప్పి ఊసెయ్యాలి. అందరి ముందూ ఊసెయ్యొచ్చు, అది తప్పు కాదు. అసలు ఊసెయ్యకపోతేనే తిన్నట్టు కాదు. "రొయ్య తిని చెరుకు వదిలేసేవాడు సగం విని లేచిపోయే చుట్టంలాంటివాడు" అంది బామ్మ.

అమ్మ షిఫ్టుకు వెళ్ళాక నేను బామ్మకు గిన్నె సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పేపర్ ప్లేట్ల సంగతి, టిష్యూ పెట్టెల సంగతి, చేపల వేపుడు సంగతి, ఆ ఆదివారమే క్రిస్మస్ భోజనం ఉందనీ, లిస్టులో మళ్ళీ ప్లేట్లే రాశారనీ అన్నీ చెప్పాను. బామ్మ విసనకర్రతో బొగ్గులు విసురుకుంటూ విని, ఒక్క ప్రశ్న వేసింది.

"గిన్నె ఎవరిది?"

"మాది."

"మరి మూత తియ్యడానికి వాళ్ళ కోసం ఎందుకు ఆగారు?"

 ఆవిడ జవాబు కోసం ఆగలేదు. శనివారం పొద్దున రొయ్యలు తెస్తాను, వచ్చి ఒలువు అంది.

శనివారం నేను బామ్మ మెట్ల మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే అమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. సంగతి విని ముఖం మార్చుకుంది. "మనకి ప్లేట్లు రాసేరు. ప్లేట్లే పట్టికెళ్దాం. పండగపూట గొడవెందుకే." నేను ఒలుస్తూనే ఉన్నాను. మొండిదాన్నని అమ్మకు తెలుసు. నా చేతుల వైపు చూసింది.

"ఆ నల్ల నరం తియ్యకుండా పడేస్తున్నావేటి? ఇసక నమల్తారా జనం?"

"నాకు రాదు."

"జరుగు."

అమ్మ యూనిఫాం చేతులు పైకి మడుచుకుని కూర్చుంది. గోరుతో గీరి నరాన్ని ఒక్క లాగులో తీసేది. బామ్మ చూసి తలూపింది. ఒలిచిన రొయ్యలను గుడ్డలో చుట్టి తడి లేకుండా పిండాలంది, తడి ఉంటే ముద్ద చెరుకును పట్టుకోదట. ఆరాక రోట్లో వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు పంచదారతో దంచారు. బామ్మ కాసేపు, అమ్మ కాసేపు. బామ్మ మామూలుగా పంది కొవ్వు వేస్తుంది, అందరూ తినరని అమ్మ నూనె వేయమంది. దంచిన ముద్దను గిన్నెకేసి చాచి కొట్టి, చేతులకు నూనె రాసుకుని చెరుకు ముక్కలకు చుట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యాహ్నానికి అరవై అయ్యాయి. ఆవిరి మీద ఉడికించి ఉంచారు. కాల్చడం మాత్రం అక్కడేనని బామ్మ తేల్చిచెప్పింది. తనూ వస్తానంది. క్రిస్మస్‌కి ఎవరినైనా తీసుకురమ్మని పాస్టరు గారే అన్నారు కదా.

ఆదివారం హాల్లో బోటనీ ఆంటీ ఎదురొచ్చి పేపర్ ప్లేట్లు అందుకున్నారు. అమ్మ చేతిలో పెద్ద ట్రే చూసి, "ఇదేంటమ్మా, లిస్టులో లేదే. టేబుల్ ఫుల్ అయిపోయింది. కిచెన్‌లో పెట్టెయ్" అన్నారు. నేను అమ్మ ముఖం చూశాను. ఆ రోజు నాకు కావలసింది ఒక్కటే, ఆ ట్రే టిష్యూ పెట్టెల వెనక్కి పోకూడదు. అమ్మ చేతులు వంటగది వైపు తిరిగాయి. ఒక అడుగు కూడా వేసింది. అక్కడ ఆగింది.

"పరవాలేదు ఆంటీ, మేము బయట చూసుకుంటాం" అంది.

బయట కారు పార్కులో, పొహుటుకావా చెట్టు ఎర్రగా పూసి ఉన్నచోట, హాలు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా బామ్మ అప్పటికే కుంపటి రాజేసింది. వేలు తడిపి పైకెత్తి గాలి ఎటుందో చూసుకుని మరీ పెట్టింది. డిసెంబరు ఇక్కడ ఎండాకాలం, హాలు తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. పది ముక్కలు నిప్పుల మీద పడ్డాయి. బామ్మ విసనకర్ర అందుకుంది. ఇంటి ముందు పొగ ఎవరికీ తగలకుండా చూసుకునే మనిషి, ఆ రోజు పొగనంతా తిన్నగా గుమ్మంలోకి విసిరింది.

లోపల ప్రార్థనకు ఇంకా ఆమెన్ కూడా అనలేదు, ముగ్గురు తాతయ్యలు బయటికొచ్చారు. పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చి, అన్నిటికీ ముఖం వేలాడేసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక వాళ్ళ అమ్మలు. ఆ వెనక బోటనీ ఆంటీ.

"ఇక్కడ స్మోక్ పెట్టకూడదు. బ్యాక్‌సైడ్ తీసుకెళ్ళమని చెప్పు" అని నాతో అని, అదే మాట బామ్మతో ఇంగ్లీషులో అన్నారు. బామ్మ నవ్వి తలూపింది. కదల్లేదు. ఆంటీ మళ్ళీ గట్టిగా చెప్పారు. బామ్మ ఇంకా బాగా నవ్వి, ఒక ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టింది. వెనక వీధి ఆయన మాట అర్థమైన మనిషికి ఆంటీ మాట అర్థం కాకపోవడమేమిటి. నేను ఇంకో ముక్క నిప్పుల మీద పెట్టాను.

ఇంతమంది చూస్తుంటే ఆంటీ పారేయలేకపోయారు. కొరికారు. ఇంకోసారి కొరికారు. మొత్తం తిన్నాక చెరుకు ముక్క పైకెత్తి, "ఈ స్టిక్స్ ఎక్కడ పడెయ్యాలి?" అన్నారు.

"పడెయ్యకూడదు ఆంటీ. చెరుకు అది, నమలాలి" అన్నాను.

"నమిలి? ఇంతమందిలో ఊస్తామా? మనం ఎక్కడున్నాం అనుకున్నావ్?"

జవాబు నేను చెప్పలేదు, అమ్మ చెప్పింది. మాటతో కాదు. ట్రేలోంచి ఒక ముక్క తీసి, రొయ్య ముద్ద ఊడదీసి నా చేతిలో పెట్టి, చెరుకును పక్క పళ్ళ మధ్య పెట్టుకుంది. అచ్చం మా తాతయ్య తోటలో లాగా మెడ ఒక పక్కకు వాల్చి, పటుక్కున కొరికింది. బోటనీ ఆంటీ కళ్ళలోకి చూస్తూ, తొందరపడకుండా, చప్పుడయ్యేలా నమిలింది. నీరంతా మింగింది. పిప్పిని పేపర్ ప్లేటులో ఊసింది.

"అనకాపల్లి వాళ్ళం ఆంటీ. చెరుకు వదిలీలేం" అంది.

తాతయ్యల్లో ఒకాయన "ఎన్నాళ్ళయిందమ్మా" అని చెయ్యి చాచాడు. పైన కట్టుడు పళ్ళు ఉన్నా వెనకాడలేదు. తర్వాత ఎవరికీ నేర్పే పని పడలేదు. కారు పార్కు నిండా మనుషులు నిలబడి నములుతూ, ఊస్తూ, సొంత ఊళ్ళ సంగతులు చెప్పుకున్నారు. అరవై ముక్కలూ అయిపోయాయి. పిప్పి వెయ్యడానికి మేము తెచ్చిన ప్లేట్లే దిక్కయ్యాయి. లోపల బిర్యానీ చల్లారిపోయింది.

బోటనీ ఆంటీ ఆ రోజు మారిపోయారని రాస్తే అబద్ధం అవుతుంది. ఈస్టర్ లిస్టులో మా పేరు ఎదురుగా మళ్ళీ పేపర్ ప్లేట్లే ఉన్నాయి. అమ్మ ప్లేట్లు తీసుకుంది. సొట్ట మూత గిన్నెలో రొయ్యల ఇగురు కూడా తీసుకుంది. ఎవరి చేతికీ ఇవ్వకుండా తిన్నగా టేబుల్ దగ్గరికి నడిచి, బిర్యానీ పళ్ళేన్ని కాస్త పక్కకు జరిపి, తన గిన్నె పెట్టి, తనే మూత తీసి, తనే గరిటె వేసింది. ఆ గిన్నె ఇంటికి వచ్చేటప్పుడు నా ఒళ్ళో ఏమీ బరువు లేదు.

బామ్మ తర్వాత రెండేళ్ళకు వాళ్ళమ్మాయితో హామిల్టన్ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫెలోషిప్ పిల్లలు నన్నే ఆంటీ అంటున్నారు. ప్రతి క్రిస్మస్‌కి కుంపటి పట్టుకెళ్ళి గుమ్మానికి ఎదురుగా పెడతాను, లిస్టులో ఏం రాసినా సరే. బోటనీ ఆంటీకి ఇప్పుడు పళ్ళు కదులుతున్నాయి. అయినా, "చెరుకు రొయ్యలు తెచ్చావా అమ్మా" అని అడుగుతారు. చెరుకు చిన్న ముక్కలు చేసి ఇస్తాను. క్షమించేశావా అని అమ్మ అడిగింది. లేదు, వడ్డించాను, అన్నాను. ఆ రెండూ ఒకటి కాదు.

మొన్నటి భోజనంలో కొత్తగా వచ్చిన కుటుంబం ఒకటి గోడవారన కూర్చుంది. కేర్‌గివర్ యూనిఫాంలోనే వచ్చిన ఒక అమ్మాయి, పక్కన ఆవిడ కూతురు. ఆ పిల్ల మాటిమాటికీ లేచి వంటగదిలోకి తొంగి చూసి వస్తోంది. నాకు తెలుసు ఎందుకో. వెళ్ళి చూస్తే పెట్టెల వెనక మూత పెట్టిన గిన్నె. తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టాను. ఆ పిల్లను పిలిచాను.

"గిన్నె ఎవరిది?"

"మాదే ఆంటీ."

"అయితే మూత నువ్వే తియ్యి."

తీసింది. ఏం కూరో కూడా చూడకుండా ముందు నా ప్లేటు చాచాను.